బ్రేకక్క ఓర్పు

డ్రైవింగ్ నేర్పే ఆవిడను ఊళ్ళో అందరూ బ్రేకక్క అంటారు. ఆవిడ కూర్చునే పక్క సీటు దగ్గర కూడా కాలి కింద ఒక బ్రేకు ఉంటుంది కదా, అందుకని. ఆవిడ కారును మాత్రం పెద్దావిడ అంటారు. ఆ గౌరవం ఊరికే రాలేదు. అది తిరిగినంత దూరం మనుషులు తిరిగితే మోకాళ్ళు ఏనాడో అరిగిపోయేవి. మీటరు విసుగెత్తి ఒక అంకె దగ్గర ఆగిపోయింది గానీ, కారు ఆగలేదు.

పెద్దావిడకు ఒక మొండితనం ఉంది. రెండో గేరు మంచి మాటలకు పడదు. రాడ్డును కాస్త పైకి లాగి, భుజం ఎగరేసి, ఒక్క తోపు తొయ్యాలి. "లాగు, ఎగరెయ్, తొయ్" అన్నదే బ్రేకక్క దగ్గర అక్షరాభ్యాసం. అక్కడ నేర్చుకున్నవాళ్ళు తర్వాత ఎవరి కారెక్కినా రెండో గేరు దగ్గర భుజం ఎగరేస్తారు. "ఓహో, మీరు బ్రేకక్క శిష్యులా?" అని పక్కవాళ్ళు నవ్వుతారు.

ఒకరోజు ఎంత లాగినా, ఎంత ఎగరేసినా ఆ గేరు పడనే లేదు. మెకానిక్ కారు కింద దూరి, చాలాసేపటికి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"గేర్ బాక్స్ పోయిందక్కా. ఇంజను ఆయిల్ తాగేస్తోంది. బాగుచెయ్యమంటే చేస్తాను. కానీ దానికయ్యే ఖర్చు ఈ బండిని అమ్మినా రాదు. నా మాట విని తుక్కుకిచ్చెయ్. శనివారం వాళ్ళ లారీ వస్తుంది, ఈలోగా ఏదో ఒకటి చెప్పు."

"దీని మీదేగా నువ్వు నేర్చుకున్నది! నోరెలా వచ్చిందిరా?"

"నాకు మాత్రం సరదానా?" అన్నాడతను, బానెట్ మీద చెయ్యి వేసి.

సంగతి తెలిసి బ్రేకక్క తమ్ముడు వెంటనే వచ్చాడు. అతని కారు సీట్లకు ప్లాస్టిక్ కవర్లు తీసి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. "ఎన్నాళ్ళని ఆ డొక్కుతో వేగుతావే అక్కా? నాది వాడి చూడు. నచ్చితే ఉంచేసుకో, నేను ఇంకోటి చూసుకుంటా" అని తాళాలు చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు సైకిల్ తొక్కడం నేర్పిన అక్క అంటే అతనికి ప్రాణం.

ఆ కారు చప్పుడే చెయ్యదు. స్టార్టయిందో లేదో తెలియక ఆవిడ రెండోసారి తాళం తిప్పింది. నడుముకు సీటు సుఖంగా ఉంది. నిజం చెప్పాలంటే, మొదటి మలుపు తిరిగేసరికే ఆవిడ మనసు జారిపోయింది. పెద్దావిడ రుణం తీరిపోయినట్టే అనుకుంది.

మర్నాడు పొద్దున టైలరమ్మకు పాఠం. టైలరమ్మ యాభై దాటాక స్టీరింగ్ పట్టుకుంది. ఆమె భర్తకు చూపు మందగిస్తోంది. కళ్ళ ఆస్పత్రి పక్క ఊళ్ళో ఉంది, అక్కడికి తరచూ వెళ్ళాలి. ఇన్నాళ్ళూ కారు నడిపిన మనిషే ఇప్పుడు గుమ్మం తడుముకుంటున్నాడు. ఎవరినో ఒకరిని బతిమాలుకుని వెళ్ళడం ఆమెకు తలవంపుగా ఉంది. లైసెన్సు టెస్టు రెండుసార్లు తప్పింది. మూడోది దగ్గరపడింది.

తమ్ముడి కారులో రెండో బ్రేకు లేదు కాబట్టి ఇద్దరూ ఊరి చివర ఖాళీ మైదానానికి వెళ్ళారు. టైలరమ్మ స్టార్ట్ చేసింది, మెల్లగా కదిలించింది. రెండో గేరు రాగానే అలవాటు కొద్దీ లాగింది, భుజం ఎగరేసింది, తోసింది. కొత్త గేరు కీచుమంది. కంగారులో ఆమె కాలు యాక్సిలరేటర్ మీద పడి, కారు ఒక్క గెంతు గెంతింది. బ్రేకక్క తన కాలి కింద లేని బ్రేకును నేలకేసి తొక్కింది. పక్క అద్దం మైదానం అంచునున్న కరెంటు స్తంభానికి రాసుకుని గీత పడింది.

"కొత్త బండి! కళ్ళు కనబడటం లేదా?" అని అరిచింది బ్రేకక్క.

కాలి కింద బ్రేకు లేకపోతే పోయింది, నోటికైనా ఉండాల్సింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

టైలరమ్మ ఇంజను ఆపింది. తాళం తీసి బ్రేకక్క అరచేతిలో పెట్టింది. "కనబడనివాళ్ళు మా ఇంట్లో ఒకరున్నారక్కా, చాలు. ఇక నాకీ డ్రైవింగ్ వద్దు." దిగి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

బ్రేకక్క అక్కడే కూలబడింది. తన శిష్యులు గోడలు గుద్దారు, కాలవల్లో దించారు, ఒకాయన ఏకంగా కొట్టుముందు బల్ల మీదికే ఎక్కించాడు. తను ఏనాడూ గొంతు పెంచలేదు. "ఏం ఫర్వాలేదు, మళ్ళీ" అనేది. అబ్బ, ఎంత ఓర్పమ్మా అని ఊరంతా మెచ్చుకుంటే, అది తన గొప్పే అనుకుంది. ఇప్పుడు తెలిసింది. ఆ ఓర్పులో సగం కారుది. దెబ్బలన్నీ అది తిని, మంచిపేరు తనకిచ్చింది. పైగా టైలరమ్మ చేసిన తప్పేమిటి? తను నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పడమే! పెద్దావిడ మీద ఆవిడకు ఎంత కృతజ్ఞత పొంగిందంటే, మైదానంలో ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

అటునుంచటే మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది. "బాగుచెయ్."

"ఖర్చు చెప్పానుగా అక్కా?"

"చెప్పావు. చెయ్."

తమ్ముడు అద్దం మీద గీత చూసి, ముఖం చిన్నబుచ్చుకుని, కాసేపు తుడిచి చూసి, చివరికి "పోనీలే" అన్నాడు. "ఆ పోనీలే అనడానికి నీకెంతసేపు పట్టిందో చూశావా? అందుకే నాకు నా బండే కావాలి. అద్దం నేను మార్పిస్తాలే" అంది అక్క. అతనికి అర్థం కాకపోయినా నవ్వేశాడు.

పెద్దావిడ షెడ్డులోంచి రాగానే బ్రేకక్క తిన్నగా టైలరమ్మ ఇంటిముందు ఆపింది. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది గానీ కూర్చోమనలేదు.

"అనరాని మాట అన్నాను. పైగా తప్పు నాది, లాగి తొయ్యమన్నది నేనే కదా" అంది బ్రేకక్క. "రెండో గేరు ఇప్పుడు వెన్నలా పడుతోంది. ఆ పాత పాఠం నువ్వూ నేనూ కలిసే మర్చిపోవాలి. రా తల్లీ."

లోపల్నుంచి భర్త గొంతు వినబడింది. "కళ్ళు కనబడనిది నాకైతే, కోపం నీకెందుకే? వెళ్ళు."

ఆమె పమిటకు గుచ్చుకున్న సూది తీసి మిషను దగ్గర పెట్టి, వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక్కి తీసింది. బ్రేకక్క కాలు బ్రేకు మీద పడేలోపే గేటు స్తంభానికి ధనామని తగిలింది. టైలరమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది.

బ్రేకక్క దిగి వెనక్కి వెళ్ళింది. వంగి ఒక సొట్ట చూసింది. దాని పక్కది చూసింది. కింద ఉన్నదాన్ని వేలితో తడిమింది.

"దెబ్బ గట్టిగా తగిలిందా?" అని అడిగాడు భర్త, గుమ్మం పట్టుకుని.

"తగిలిందండీ. ఏది కొత్తదో నాకూ కనబడటం లేదు!"

ఆయన పగలబడి నవ్వాడు. టైలరమ్మ కళ్ళు తెరిచి ముందు భర్తను, తర్వాత బ్రేకక్కను చూసింది. అద్దం దించి, "ఊరికే నవ్వకపోతే మీరూ వచ్చి ఎక్కకూడదూ? వీధి చివరిదాకా తిప్పుతాను" అంది.

ఆయన మెట్లు దిగి, కారు ఒంటి మీద చేత్తో తడుముకుంటూ తలుపు పట్టుకుని, వెనక సీట్లో కూర్చున్నాడు.