రాహేలు చప్పట్లు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, జమ్మలమడుగు చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెబుతానని ప్రేమలీల తనంతట తానే ముందుకొచ్చింది. వచ్చిన రెండో వారానికే ఒక కట్టడి పెట్టింది: చంటిబిడ్డలను ఎత్తుకొచ్చేవాళ్లు లోపలికి రాకూడదు. పసివాళ్ల ఏడుపులో ఆమె చెప్పే దావీదు కథ ఎవరి చెవికీ ఎక్కడం లేదు మరి.

మరుసటి ఆదివారం గదిలో మగపిల్లలే కూర్చున్నారు. ప్రేమలీలకు ఒళ్లు మండింది.

"ఆడపిల్లోళ్లకు దేవుని మాటంటే లెక్కే లేదు పెద్దమ్మా," అని, అక్కడ ఏళ్లుగా పాఠం చెబుతున్న దీనమ్మ దగ్గర విసుక్కుంది.

"ఆదివారమని పత్తి తీసేది ఆగుతాదా? అమ్మలు చేనికి పోతే బిడ్డల్ని వీళ్లు గాక ఎవురు ఎత్తుకుంటారు? యాడ పడేసి రావల్ల, బాయిలోనా?" దీనమ్మ కసిరింది. "పాఠం చెప్పేది తర్వాత. ముందు బిడ్డను ఎత్తుకునేది నేర్చుకో, పో."

ప్రేమలీల బయటికి వెళ్లి చూసింది. కిటికీ కింద రాహేలు అనే పిల్ల, తమ్ముణ్ణి చంకనేసుకుని, గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది.

"వాణ్ణి ఇట్లియ్యి పాపా. నువ్వు లోపలికి దా."

వాడు చంకెక్కీ ఎక్కగానే ఆమె గంజిపెట్టిన చీర తడిపేశాడు. దీనమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది.

పాట మొదలైంది. ఉత్తచేతులు ఎక్కడ పెట్టుకోవాలో రాహేలుకు తెలియలేదు. కాసేపు పావడా పట్టుకుంది. తర్వాత మెల్లగా చప్పట్లు కొట్టింది. పాట అయిపోయినా ఆపలేదు.

ప్రేమలీల పాట మళ్లీ మొదలుపెట్టింది.