చల్లారనివ్వని బ్యాచ్

ఒళ్లంతా కాలి బిక్షపతి ఫ్యాక్టరీ సిమెంటు నేల మీద పడి ఉంటే, మేనేజరు సుబ్బరాయుడు ముందుగా ట్యాంకు వైపు చూశాడు. లోపల చిక్కటి జిగురులాంటి పాలిస్టర్ రెజిన్ ఉంది. ఆలస్యమైతే అది గడ్డకట్టి ట్యాంకే పనికిరాకుండా పోతుంది.

"ముందు డ్రమ్ములు నింపుండ్రి," అన్నాడు.

అంబులెన్సు కోసం అరిచినవాళ్లను సెక్యూరిటీవాళ్లు గోడకు నెట్టారు. డ్రమ్ములు పట్టాల్సి వచ్చింది అక్కడే పనిచేసే బిక్షపతి చెల్లెలు భాగ్యకే. అన్న మూలుగు వింటూనే పట్టింది.

ఉడికిన రెజిన్‌ను చల్లారాకే, దాన్ని పలచన చేసే స్టైరీన్‌లో కలపాలి. వేడి మీద కలిపితే లేచే స్టైరీన్ ఆవిరి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. రోజుకో బ్యాచ్ ఎక్కువ తీయాలని యజమాని ఆ చల్లార్చే సమయాన్నే కోసేశాడు. కాదన్నవాళ్లను గేటు లోపలికి రానివ్వలేదు. అలా వేడి మీద కలిపినప్పుడు లేచిన మంటే బిక్షపతిని కాల్చింది.

ఉత్పత్తి వేగం పెంచాడని ఆ యజమానిని యూనివర్సిటీవాళ్లు ఉపన్యాసానికి పిలిచారు. ఆ కబురు తెచ్చింది అక్కడ కెమిస్ట్రీ చదివే కర్నూలు అమ్మాయి నవ్య. తార్నాకలో ఆమె హాస్టల్ పక్కన టీకొట్టు దగ్గర కార్మికులు కూడారు. అక్కడికి పోయి యజమానిని నిలదీయాలా వద్దా అని వాదన ముదిరింది. ఉన్న పని పోతే పిల్లలకేం పెట్టాలని ముసలి రాజలింగు అడ్డం తిరిగాడు.

భాగ్య కోప్పడలేదు. "రేపు నువ్వు కాలి పడ్తవు కాకా. అప్పుడు డ్రమ్ము నీ బిడ్డతోని పట్టిస్తరు," అంది.

మర్నాడు యూనివర్సిటీకి రాజలింగే అందరికంటే ముందు వచ్చాడు.

యజమాని తెర మీద గీతలు చూపిస్తుండగా కార్మికులూ విద్యార్థులూ హాల్లోకి వచ్చారు. చల్లార్చే టైము ఎవరు తీసేసినారని నవ్య నిలదీసింది. కాలినవాడిదే అజాగ్రత్త అన్నాడాయన. ముందు వరుసలో ప్రొఫెసర్లు తల ఊపారు. భాగ్య వేదికెక్కి మైకు లాక్కుంది.

"మా అన్న దవాఖానల తోలూడి మూల్గుతున్నడు. నీ బ్యాచ్ మాత్రం మంచిగ దిగింది."

పోలీసులు తలుపులు మూసి కొట్టారు. రాజలింగు తల పగిలింది. దొరికినవాళ్లను దొరికినట్టు వ్యాన్లో కుక్కారు.

తార్నాక దాటకముందే వ్యాన్లో ఉన్న భాగ్యకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. బిక్షపతి పోయాడు. ఇన్‌స్పెక్టర్ వ్యాన్ ఆపించి, భాగ్య ఒక్కతే దిగి పోవచ్చన్నాడు.

ఆమె వ్యాన్ కడ్డీ వదల్లేదు.

"నేనొక్కదాన్ని దిగ. మా అన్నను మోసేటోళ్లు వీళ్లే. అందర్ని ఇడువు."

ఆ మాట వ్యాన్ వెంట వచ్చిన విద్యార్థులు అందుకున్నారు. రోడ్డుకడ్డంగా కూర్చున్నారు. లాఠీలు మళ్లీ లేచాయి, కానీ మెట్రో మెట్ల మీంచి జనం దిగి వాళ్ల పక్కన చేరుతూనే ఉన్నారు. చీకటి పడేలోగా వ్యాన్ తలుపు తెరవక తప్పలేదు.

పాడె గోల్నాకలోని ఇంటికి పోలేదు. తలకు కట్టుతో రాజలింగు ఒక కొమ్ము పట్టాడు, ఇంకో కొమ్ము నవ్య పట్టింది. ఫ్యాక్టరీ గేటు ముందు దించారు. లోపలికి రమ్మని సైరన్ మోగింది. షిఫ్టుకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి శవం చుట్టూ కూర్చున్నారు.