కడ్డీ కోసం తొలిచిన బెజ్జం

నేను ఒక బెజ్జాన్ని. తుపాకీ చెక్కలోంచి కొంత తీసేయగా మిగిలిన ఖాళీని. ఏమీ లేనిదానికి ఆత్మకథేమిటని మీరు నవ్వవచ్చు. కానీ నా కోసం మనుషులు పడ్డ పాట్లు, ఉన్న వస్తువుల కోసం కూడా పడరు.

మా ఊళ్లో కొండాలమ్మ పల్లకి గుడి దాటే వేళ దాలినాయుడు ఇంటివాళ్లే తుపాకీ పేల్చాలి. ఆ చప్పుడు వినందే బోయీలు కదలరు. అది మూతిలోంచి మందు పోసి, కడ్డీతో దట్టించి పేల్చే పాత నాటు తుపాకీ. ఆ ఏడు దాని చెక్కను చెదలు తినేశాయి. శుక్రవారానికి కొత్త చెక్క సిద్ధం కాకపోతే ఆ హక్కు పక్కింటి బావమరిది చిన్నంనాయుడికి పోతుంది. అతనికీ ఒక తుపాకీ ఉంది. పేల్చాలన్న కోరిక దానికంటే పొడుగు.

వడ్రంగి సూరాచారి వేగిస చెక్కను చెక్కి, ఇనుప గొట్టం కూర్చునే గాడి తీశాడు. ఆ గాడి కింద కడ్డీ దాచుకోవడానికి నన్ను తొలవాలి. జానెడున్నర లోతు. తొలిచే బరమా కాస్త పైకి పోతే గాడిలో తేలుతాను, కిందికి పోతే చెక్క పొట్ట చీల్చుకొస్తాను. ఏది జరిగినా శుక్రవారం పోయినట్టే.

బరమా నాలుగు చుట్లు తిరిగిందో లేదో, దాలినాయుడి భార్య నరసమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో! తుపాకీ మూతి దేవుడి మూలకేటి పెట్టినారు? తిప్పండి!"

"గొట్టమే నేదు కదమ్మా, ఉత్త కర్ర," అన్నాడు సూరాచారి.

"కర్రయితే మాత్రం? దేవుడు సూడ్డేటి?"

చూస్తాడు గనక గొట్టం లేదని ఆయనకు తెలియదా అని నాకు సందేహం కలిగింది. అప్పుడే పుడుతున్నదాన్ని, అడగలేదు.

పడమటికి తిప్పారు. గోడ మీంచి చిన్నంనాయుడి తల లేచింది. "ఏటి బావా, నా ఇంటికేనా గురి?" దక్షిణానికి తిప్పితే యముడి దిక్కని దాలినాయుడే వణికాడు. తూర్పున సూర్యభగవానుడున్నాడు, ఉత్తరాన పాలిచ్చే గేదె ఉంది.

"పోనీ, మబ్బులకేటైనా అడ్డా?" అంటూ సూరాచారి విసుగుతో చెక్కను నిలువునా నిలబెట్టాడు. నిలబెట్టాక అతని ముఖం వెలిగింది. పక్కన దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. పీట ఎక్కి, ఆ దారాన్నే చూస్తూ బరమా తిప్పాడు. దాలినాయుడు చెక్కను కావలించుకుని, "తల్లీ, ఇంకో నాలుగు వేళ్ల లోతు సల్లగా సూడు," అని మొక్కుతూనే ఉన్నాడు. చివరికి లోతు చూడ్డానికి నాలోకి దించిన చీపురుపుల్ల అడుగుదాకా తిన్నగా దిగింది. ఇద్దరూ లోపలికి తొంగిచూసి, ఏమీ కనబడనందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

శుక్రవారం డప్పులు మోగాయి. దాలినాయుడు మందు పోశాడు, కడ్డీతో దట్టించాడు. దాన్ని బయటికి లాగి నాలో పెట్టాలి. అంతలో పల్లకి లేచింది. భక్తితో రెండు చేతులూ జోడించాడు, కడ్డీని గొట్టంలోనే మరిచాడు, మబ్బుల్లోకి పేల్చాడు.

బోయీలు కదిలారు. హక్కు నిలిచింది. కడ్డీ మాత్రం గుడి కప్పు దాటి, చిన్నంనాయుడి పెరట్లో సొరపందిరి కింద నిలువునా దిగింది.

"సెప్పినాను కాదేటి, గురి నా ఇంటికేనని!" అని అతను పరుగెత్తాడు. పోయేసరికి ఆడవాళ్లు దానికి పసుపు రాసి బొట్టు పెడుతున్నారు. అతని కోపం చల్లారింది.

మర్నాడు దాలినాయుడు అడిగాడు. "కడ్డీ ఇచ్చేయరా."

"కడ్డీ ఏటి బావా? అమ్మ! నా ఇల్లు ఎతుక్కుంటా ఒచ్చినాది."

ఆ మాటకు దాలినాయుడు చెప్పులు విడిచి దండం పెట్టుకుని వచ్చేశాడు. తర్వాత చేయించిన కడ్డీ లావు. నాలో దూరదు.

నా కొలతకు చేసింది దేవతయింది. నేను గోడకు వేలాడుతున్నాను. నిరుడు ఒక కందిరీగ మట్టి తెచ్చి నాలో గూడు కట్టింది. నరసమ్మ చీపురుపుల్లతో పొడవబోతే దాలినాయుడు ఆపాడు.

"ఉండనీయే. కాళీగా ఉందనే కదా ఒచ్చినాది."

ఇప్పుడు నా మూతి దేవుడి మూలకే ఉంది. ఎవరూ తిప్పమనడం లేదు.