లోపలి గోడలు

మూడో అంతస్తు టీచరమ్మ ఇస్త్రీ ఆయనతో అందట. ఇస్త్రీ ఆయన బట్టల మూటతోపాటు ఆ మాటనీ మడత నలగకుండా తెచ్చి బొత్తాలక్క గుమ్మంలో దించాడు.

"నేనన్న మాట కాదమ్మా, నా మీద పడకు. బొత్తాలక్కకి మతి చలించిందట. పట్టపగలు తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటర్లో ఏదో త్రికోణాన్ని తిడుతూ కూర్చుంటోందట. 'నీకేం తక్కువ చేశానే, ఒక్కసారి కనబడవే' అని బతిమాలుతోందట కూడానూ."

"బతిమాలలేదు" అంది బొత్తాలక్క. "తిట్టిన మాట నిజమే."

"మరి కనబడిందా?"

"ఇంకా లేదు."

ఇస్త్రీ ఆయన ఇంకేమీ అడక్కుండా మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. సాయంత్రం లోపల ఆ 'ఇంకా లేదు' కూడా మూడో అంతస్తు చేరే ఉంటుంది. అతని కడుపులో మాట దాగదు.

ఆమె బట్టలు కుట్టేది. పెదాల మధ్య నాలుగు బొత్తాలు పట్టుకునే మాట్లాడటం అలవాటు కనక వీధి మొత్తానికీ బొత్తాలక్క అయిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేది తల్లి ఒక్కతే. ఆవిడ పోయాక ఆ పేరుకి పని లేకుండా పోయింది.

మిగిలింది తమ్ముడు. సరుకుల ఓడలో, ఇంజన్ గదిలో పని. ఎనిమిది నెలలు నీళ్ల మీద, మూడు వారాలు ఇంట్లో. ఆ మూడు వారాలూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పక్క గదిలో ఆటలాడుతుంటాడు. 'తిన్నావా', 'తిన్నా', 'ఇంకాస్త?', 'చాలు'. తల్లి పోయాక వచ్చిన సెలవులన్నీ ఈ నాలుగు ముక్కలతోనే గడిచిపోయాయి.

పోయినసారి మాత్రం ఒకటి జరిగింది. పళ్లెం తీయడానికి వెళ్లిన బొత్తాలక్క, తెర మీద కొండల మధ్య నీళ్లు చూసి ఊరికే అడిగింది. "అవి నిజం నీళ్లలా ఎలా మెరుస్తున్నాయిరా?"

వాడు హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. "నీళ్లు కాదక్కా అవి. అన్నీ త్రికోణాలే. బుల్లి బుల్లివి, లక్షలు. ఒక్కోదాని మీద వెలుగు ఎటు నుంచి పడుతోందో లెక్క కట్టి చెప్తారు, అంతే." అరగంట మాట్లాడాడు. చేతులు తిప్పుతూ, గాల్లో గీతలు గీస్తూ. వాడి గడ్డానికి మెతుకు అంటుకుని ఉంటే చెప్పబోయి మానేసింది, మాట ఎక్కడ తెగుతుందోనని.

ఆ అరగంట మళ్లీ కావాలి ఆమెకి. అందుకే వాడు ఓడెక్కిన మర్నాడే, వాడు పక్కన పడేసిన పాత లాప్‌టాప్ దుమ్ము దులిపింది.

ఇంటర్నెట్లో పాఠాలు చెప్పే మాస్టారొకాయన దొరికాడు. రైలు తప్పిపోతున్నవాడిలా మాట్లాడతాడు. వేగం సగానికి తగ్గిస్తే తాగినవాడిలా మాట్లాడతాడు. తాగిన మాస్టారే నయమనిపించింది. కొలతల పుస్తకం ముందు పేజీల్లో ఎప్పటిలాగే భుజం, ఛాతీ, నడుము. వెనక పేజీల్లో అడ్డం, నిలువు, లోతు. త్రికోణం మూడు మూలలు ఎక్కడున్నాయో యంత్రానికి చెప్పాలి, ఏ రంగు పూయాలో చెప్పాలి. చెప్పింది. పది రోజులూ తెర నల్లగానే ఉంది. పదకొండో రోజున దొరికింది దొంగ. రంగు సంగతి చెప్పే నాలుగు లైన్లలో ఒక సెమీకోలన్ ఎగిరిపోయింది. యంత్రం ఆ ముక్క నోరు విప్పి చెప్పి చావక, మొహం నల్లగా పెట్టుకుని కూర్చుంది. 'మా వాడి చుట్టానివే నువ్వు' అని ఒక్క మొట్టికాయ వేసి, అది దిద్దింది.

నారింజ రంగు త్రికోణం. అరచేతంత.

ఎవరికైనా చూపించాలని చుట్టూ చూసింది. గదిలో తలలేని కుట్టు బొమ్మ తప్ప ఎవరూ లేరు. అప్పుడే గౌను కోసం వచ్చిన నర్సుకి చూపించింది.

నర్సు తల అటూ ఇటూ వంచి చూసింది. "బాగుంది. దీనికి చేతులెక్కడ పెడతావ్?"

"ఇది బట్ట కాదమ్మా."

"మరి నా గౌను?"

"రేపు."

"నిన్న కూడా రేపే అన్నావక్కా. ఆ త్రికోణం నాకిచ్చెయ్, అదే కట్టుకుపోతాను" అని తనే నవ్వి, నర్సు వెళ్లిపోయింది. ఆ నవ్వు కాసేపు గదిలో ఉండి, అదీ వెళ్లిపోయింది.

ఇక ఆటలోని నీళ్ల జోలికి పోలేదు. తెలిసినదేదో చెయ్యాలనుకుంది. టేపు తీసుకుని ముందుగది కొలిచింది. తల్లి కుట్టు మిషను ఉండే గది. కిటికీ ముప్పై ఎనిమిది అంగుళాలు. గోడకి రెండు త్రికోణాలు, నేలకి రెండు, కప్పుకి రెండు. కిటికీకి, మిషనుకి, మంచానికి విడిగా. నెలలు పట్టింది. బయట నుంచి చూస్తే పెట్టెలా చక్కగా నిలబడింది గది. కీబోర్డు మీట నొక్కుతూ తెర మీద గుమ్మం దాటి లోపలికి నడిచింది. గోడలు లేవు. నేల లేదు. మిషనూ మంచమూ శూన్యంలో వేలాడుతున్నాయి. వెనక్కి బయటికి వస్తే గది మళ్లీ ఉంది.

మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి మాస్టారు ఎప్పుడో చెప్పిన మాట పుస్తకంలో తన రాతలోనే కనిపించింది. మూడు మూలల్నీ గడియారం ముల్లుకి ఎదురు దిశలో వరస చెబితే ఆ ముక్క మనవైపు తిరిగినట్టు. ముల్లుతోపాటు చెబితే మనకి వీపు చూపినట్టు. వీపు చూపిన ముక్కని యంత్రం గీయదు, ఎవరు చూస్తారులే అని.

బొత్తాలక్క గోడలన్నిటికీ బయట నిలబడి వరస చెప్పింది. ముప్పై ఏళ్ల చేతివాటం మరి. బట్టకి మంచివైపు ఊరికి, తిరగవైపు ఒంటికి. గదికి అలా కాదు. గదికి మంచివైపు లోపలుండాలి.

మూలల వరస తిప్పేసింది. లోపలికి నడిచింది. నాలుగు గోడలూ ఉన్నాయి. కిటికీ లోంచి ఎండ నేల మీద పడింది. అక్కడే చాలాసేపు నిలబడింది, మీట మీద వేలు పెట్టకుండా.

తమ్ముడు వచ్చాడు. మొదటి రోజు నిద్రపోయాడు. రెండో రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకోబోతుంటే, గుమ్మంలో నిలబడి బొత్తాలు నోట్లోంచి తీసేసి మరీ అడిగింది. "ఒకటి చూపిస్తాను, వస్తావా? ఐదు నిమిషాలు."

వచ్చి ఆమె కుట్టు స్టూలు మీద కూర్చున్నాడు. తెర చూశాడు. ఆమెను చూశాడు.

"ఎవరు చేశారిది?"

"ఇంకెవరు, మూడో అంతస్తు టీచరమ్మ."

"నిజం చెప్పు."

"నేనేరా."

"నువ్వా! రిమోట్‌లో బ్యాటరీ వెయ్యడానికి నాకు ఫోన్ చేసేదానివి కదే!"

గోడలు మాయమైన సంగతి చెప్పింది. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గదిని తిరగేసి కుట్టావన్నమాట!" నేల మీద ఎండ ఏ వేళదని అడిగాడు. మధ్యాహ్నం మూడుగంటలదంది. నీడ అంచు ఇంకా మెత్తగా రావాలని, దానికో ఉపాయం ఉందని, స్టూలు ఆమె వైపు జరుపుకుని మరీ చెప్పాడు. ఆమె కొలతల పుస్తకంలో రాసుకుంది. సగం అర్థం కాలేదు. ఆపమని అడగలేదు. గడియారం వైపు దొంగచూపు చూసింది. ఇరవై నిమిషాలయింది.

మాట్లాడుతూనే మీట నొక్కుతూ గదిలో నడిచాడు. మిషను దాటాడు. మూలనున్న మంచం దగ్గర ఆగాడు. చివరి నాలుగు నెలలూ తల్లి పడుకున్న మంచం. అప్పుడు వాడి ఓడ నడిసముద్రంలో ఉంది. ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయి తొమ్మిది రోజులు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

వాడి వేలు మీట మీద కదలలేదు. మాట ఆగిపోతోందని బొత్తాలక్క కంగారుపడింది. చేతికందిన మాట పట్టుకుంది.

"తర్వాతి పాఠం మనుషులురా. కష్టమట. అయినా నువ్వు మళ్లీ వచ్చేసరికి పెట్టేస్తాను చూడు. అమ్మని మంచం మీద, ఆ పక్కన నన్ను, కాళ్ల దగ్గర నిన్ను."

వాడు స్టూలు మీంచి లేచాడు.

"నన్ను పెట్టకక్కా. నేనక్కడ లేను."