బోర్డు మీది దుమ్ము

దొరస్వామి రంగు చల్లే గన్నులో క్లియర్, అదే రంగులేని వార్నిష్, పోసి, ముందుగా ఒక అట్టముక్క మీద కొట్టి చూసుకున్నాడు. తెల్లటి మబ్బు పట్టింది. బయట ముసురు మరి! ఈ క్లియర్‌తో చిక్కే అది. గాలిలో కాస్త తేమ ఉంటే చాలు, అద్దంలా ఉండాల్సింది పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. అతను పెద్ద అట్టపెట్టెలో బల్బు వెలిగించి, మూరెడు బొమ్మ బస్సును అందులో వెచ్చబెట్టాడు.

బస్సు నెత్తిన ‘ఐరాల – చిత్తూరు’ అని బోర్డు. ఆ అక్షరాలు నీళ్లలో నానబెట్టి, కాగితం మీంచి జార్చి అతికించిన స్టిక్కర్లు. ఉల్లిపొరే నయం, అంత పలచన. వాటి మీద మూడు పూతలు క్లియర్ పడి ఆరాకే దుమ్ము రంగూ తుప్పు రంగూ వేయాలి. చిత్తూరులో రూపశ్రీ నడిపే ఈ నమూనాల షాపుకు వచ్చినవాళ్లు దుమ్మును చూసి ‘అబ్బా, నిజం బస్సే’ అంటారు. క్లియర్ ఎవరు కొట్టారని ఏ మహానుభావుడూ అడగడు. సరిగ్గా కొడితే అది కనబడదు కదా! ముప్పై ఏళ్లు లారీలకు నంబర్లు రాసినప్పుడూ దొరస్వామిని ఎవరూ అడగలేదు. అతనికి ఆ దిగులూ లేదు.

ఈ బస్సు మాత్రం ఎవరో ఇచ్చిన ఆర్డరు కాదు. ఐరాల బస్సు నడిపి, ఇప్పుడు మంచాన పడ్డ డ్రైవరు చెంగల్రాయులు కోసం తనే చేస్తున్నాడు. పొద్దున్నే ఆయన భార్య శకుంతలమ్మ ఫోన్ చేసింది.

“నీళ్లు గూడా దిగడంలేదన్నా. బస్సు యాడికొచ్చిందని మాత్రం అడగతా ఉండాడు.”

అప్పట్నుంచి దొరస్వామికి ఒకటే భయం. పూత ఆరేలోపు ఆ మనిషి పోతే?

“క్లియర్ వద్దులేన్నా ఈసారికి. నేరుగా దుమ్ము పూసేస్తా, గంటలో ఎత్తుకపోదువు” అంది రూపశ్రీ.

“వద్దుమ్మా. ఆయప్ప చెయ్యి ఊరికే ఉండదు. బోర్డు తుడస్తాడు సూడు. అచ్చరాలు చేతికొచ్చేస్తే ఏం బాగుంటాది?”

చెంగల్రాయులు బోర్డు తుడవడం ఐరాల దారిలో తెలియనివాళ్లు లేరు. దొరస్వామి కూతురు లోహిత కాలేజీకి వెళ్లే మూడేళ్లూ పొలాల గట్ల మీద మైలు దూరం పరుగెత్తుకుంటూ వచ్చేది. పాప కనబడేదాకా ఆయన బస్సు దిగి, తువ్వాలుతో బోర్డు తుడుస్తూ నిలబడేవాడు. లోపల జనం కేకలేస్తే, “ఉండండప్పా, దుమ్ము పట్టింది, ఊరిపేరు కనబడొద్దా?” అనేవాడు. వానాకాలంలో కూడా దుమ్మే! లోహిత ఇప్పుడు సత్యవేడులో టీచరు. అమ్మాయి జీతం తెచ్చిన ప్రతి నెలా దొరస్వామికి ఆ తువ్వాలు గుర్తొస్తుంది. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా అనలేదు. ఎలా అనాలో తెలియలేదు.

ఒక పూత. గంట ఆగాడు. ఇంకొకటి. అన్నం క్యారియరు మూత కూడా తీయలేదు. మూడోది ఆరేసరికి మూడు దాటింది. గోటితో అంచు తడిమి చూశాడు. గట్టిపడింది. రూపశ్రీ దుమ్ము రంగు చల్లి, అది రాలకుండా పైన ఇంకో పూత వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది వద్దుమ్మా. తుడిస్తే దుమ్ము పోవల్ల.”

సాయంత్రం దొరస్వామి మంచం పక్కన కూర్చుని బస్సును చెంగల్రాయులు గుండెల మీద పెట్టాడు. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత బొటనవేలితో బోర్డును తుడిచాడు, ఈ చివర నుంచి ఆ చివరకు. దుమ్ము పోయింది. ఒక్క అక్షరం కదల్లేదు.

“పాప వచ్చినాదా?” అన్నాడు చెంగల్రాయులు.

దొరస్వామి ఆయన చెవి దగ్గరికి వంగాడు. “వచ్చినాదప్పా. ఎక్కేసింది. నీ పుణ్యాన టీచరైంది. ఇంక పోనీ.”

చెంగల్రాయులు తలాడించి కళ్లు మూసుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఊపిరి ఆగింది. శకుంతలమ్మ ఆయన చెయ్యి పట్టుకునే ఉంది.

కర్మాంతరాలయ్యాక బస్సు తెస్తే దుమ్ము మళ్లీ సరిచేస్తానని రూపశ్రీ కబురు పెట్టింది. దొరస్వామీ వద్దన్నాడు, శకుంతలమ్మా వద్దంది. ఆమె ఇంట్లో టీవీ పక్కన బస్సు అలాగే ఉంది, ఒళ్లంతా దుమ్ముతో, నెత్తిన బోర్డు ఒక్కటి శుభ్రంగా.