మీవాళ్లలా ఉండవుగా

విస్కాన్సిన్‌లో ఆ శనివారం చెరువు రాయిలా గడ్డకట్టింది. పదహారేళ్ల అమ్మాయి పాకూ, వాళ్ల నాన్న మంచుకు కన్నం పెట్టి, డబ్బాలు బోర్లించుకుని కూర్చుని గాలాలు వేశారు.

మంచు మీదే వేసుకున్న పక్క గుడారంలోంచి ఎర్రగడ్డంవాడొకడు గునపం ఊపుకుంటూ వచ్చాడు. వెనకాలే అతని కూతురు బ్రెన్నా. బళ్లో పాకూకి ప్రాణస్నేహితురాలు.

"ఏం పట్టార్రా? చూపించండి."

నాన్న నవ్వుతూ బకెట్ ముందుకు జరిపాడు. ఆ నవ్వు చూసి పాకూకి ఒళ్లు మండింది.

"మీవాళ్లొచ్చాక ఇక్కడ చేపపిల్ల మిగల్లేదు. మీ చైనాకే పోయి పట్టుకోండి!"

"మేం మాంగ్ అనే కొండజాతివాళ్లమండీ, చైనావాళ్లం కాదు. చేపలు పట్టే లైసెన్సుంది," అంటూ నాన్న జేబు తడుముకున్నాడు.

"ఏదైతే ఏంట్రా, అంతా ఒకటే!" అని వాడు బకెట్‌ని బూటుతో తన్నాడు. చేపలు మంచు మీద పడి గిలగిల్లాడాయి.

పాకూ లేచింది. "నేను ఈ ఊళ్లోనే పుట్టా. నీ కూతురూ ఇక్కడే పుట్టింది. నన్నెక్కడికి పొమ్మంటావ్? చెప్పవే బ్రెన్నా, మీ నాన్నకి!"

బ్రెన్నా టోపీ కళ్లమీదికి లాక్కుంది.

"ఊరుకో తల్లీ," అని నాన్న మోకాళ్ల మీద కూలబడి చేపలు ఏరసాగాడు. గడ్డంవాడు ఆయన పక్కనే ఉమ్మేసి వెళ్లిపోయాడు.

"వాడు తంతుంటే ఏరుకుంటావా నాన్నా? సిగ్గు లేదూ?"

"వాడి చేతిలో గునపం ఉంది. నా పక్కన నువ్వున్నావు," అన్నాడు నాన్న తలెత్తకుండానే.

సోమవారం బళ్లో భోజనాల దగ్గర బ్రెన్నా వచ్చి పక్కన కూర్చుంది. "మా నాన్న తాగున్నాడే. అన్నది నిన్ను కాదు, మీవాళ్లని. నువ్వు వాళ్లలా ఉండవుగా, మాలాగే ఉంటావ్."

"మా నాన్న కూతుర్ని నేను. ఆయనలాగే ఉంటా. నువ్వూ అచ్చం మీ నాన్నలాగే. ఆయన తన్నాడు, నువ్వు చూస్తూ నిలబడ్డావ్."

"ఇంత చిన్నదానికా? పోవే!"

పాకూ పళ్లెం తీసుకుని వేరే బల్లకి నడిచింది. వెనక ఎవరో చైనా యాసంటూ ఏదో వెకిలిగా కూశారు. నవ్వుల్లో బ్రెన్నా నవ్వు విడిగా వినిపించింది. పాకూ ఆ బల్ల దగ్గర కూర్చుంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా అక్కడినుంచి లేవలేదు.

మరుసటి శనివారం నాన్న వేరే చెరువుకి పోదామన్నాడు.

"మన చెరువుకే పోదాం," అంది పాకూ.

నాన్న ఆమె వంక చూసి, తన తమ్ముళ్లిద్దరికీ ఫోన్ చేశాడు. వాళ్లూ పిల్లాపాపల్తో వచ్చారు. గుడారంవాళ్లు దూరం నుంచే గుడ్లురిమి చూశారు. ఒక్కడూ దగ్గరికి రాలేదు.