గొట్టం పెట్టిన గొంతు

ఇశ్రాయేలు సిటీ బస్సు కండక్టరు. "చాంద్రాయణగుట్ట, చాంద్రాయణగుట్ట" అని అతను ఒక్క కేక వేస్తే రోడ్డుకు అవతల ఉన్నవాళ్లు కూడా ఉరికొచ్చేవారు. ఆ ఎండాకాలం కాలిలో మేకు దిగి ధనుర్వాతం వచ్చింది. దవడలు బిగుసుకుపోయి ఊపిరి అందకపోతే, ఆసుపత్రిలో గొంతు కింద కోసి గొట్టం పెట్టారు. అది ఉన్నన్నాళ్లూ అతనికి మాట రాలేదు.

ఆ గొట్టం రెండుసార్లు కఫంతో పూడుకుపోయింది. రెండోసారి అతని పెదవులు నల్లబడటం చూసి భార్య నాగమణమ్మ వరండాలోకి పరుగెత్తి కేకలు పెట్టింది. సిస్టరు వచ్చి, గొట్టం లోపల ఉండే సన్నటి లోగొట్టం లాగి కఫం తీసింది. అప్పటినుంచి అతని ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చోవడమే ఆమె పనైంది.

చివరికి గొట్టం తీసేశారు. బహదూర్‌పురాలో ఇల్లు చేరిన కొన్నాళ్లకే అతని ఊపిరి ఈలలా మోగసాగింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు.

"గొట్టం ఒరుసుకున్న చోట లోపల పుండై మానిందమ్మా. మానేటప్పుడు దారి ఇరుకైంది. మళ్లీ గొట్టం పెట్టాలి. ఈసారి తీయడం కుదరకపోవచ్చు," అన్నాడు డాక్టరు.

బయట బెంచీ మీద ఇశ్రాయేలు తల అడ్డంగా ఊపాడు. "వద్దు. గొంతు లేని కండక్టర్ని ఏం జేసుకుంటరు? గిట్లనే బతుకుత."

నాగమణమ్మ ఏడవలేదు. ఏడవడానికి ఓపిక లేదు.

"నీ ఇష్టం. కానీ నాతోని అయితలేదు. నీ ఊపిరి ఎప్పుడాగుతదో అని వినుకుంట పండుడు నాతోని అయితలేదు. సక్కగ నిద్రవోయి ఎన్ని దినాలైందో యాదికే లేదు."

అన్నాక సిగ్గేసింది. తన నిద్ర కోసం అతని గొంతు అడిగినట్టయింది. ఇశ్రాయేలు నిద్రలేక ఉబ్బిన ఆమె కళ్లను చూశాడు.

"పద. డాక్టర్ సాబ్‌కు చెప్దాం," అన్నాడు.

ఈసారి వెండిరంగు గొట్టం పెట్టారు. ఈల ఆగిపోయింది. డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఇల్లు చేరాక మొదటి ఆదివారం, చర్చి నుంచి వచ్చి పడుకున్న నాగమణమ్మ దీపాలు పెట్టే వేళకు కళ్లు తెరిచింది. ఇశ్రాయేలు లోగొట్టం తనే కడిగి పెట్టుకుని, పక్కన కూర్చుని ఉన్నాడు. మాట బయటికి వచ్చేలా గొట్టం రంధ్రం మీద వేలు పెట్టి, "చాయ్ పెట్టిన. లే," అన్నాడు.

ఆ బొంగురు గొంతు ఎవరో పరాయివాళ్లదిలా అనిపించిందామెకు.

"జరసేపు," అని గోడవైపు తిరిగి పడుకుంది.